మేకల కోసం రోడ్డు వెడల్పు చేయాలా, ఊళ్లోనే మాంసం యూనిట్ పెట్టుకోవాలా?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది. ఊరు విశాఖ దగ్గరి ఆనందపురం దాటి లోపలికి ఉంది. సుమారు రెండు వందల గడప. మూడో వంతు ఇళ్లలో మేకలో గొర్రెలో ఉన్నాయి. ఊరి మీదుగా వెళ్లే రోడ్డును వెడల్పు చేస్తామని కొలతలు తీసుకున్నారు. రెండు పక్కలా ఉన్న చింత, మర్రి, నేరేడు చెట్లకు తెల్ల రంగుతో నంబర్లు వేశారు. రోడ్డు పెద్దదైతే జీవాలు విశాఖ త్వరగా చేరి మంచి ధర పలుకుతాయని సగం మంది అంటున్నారు. చెట్లు కొట్టనివ్వకూడదు, ఊళ్లోనే మాంసం యూనిట్ పెట్టుకుని సిటీకి మాంసమే పంపుదామని మిగతా సగం. గ్రామసభలో ఏం అడగాలి?

నేను పశువైద్యుడిగా విశాఖ జిల్లా మండలాల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. సంతల్లో జీవాలకు టీకాలు వేశాను, కబేళాల్లో మాంసం పరీక్షించాను, ఒక యూనిట్ మూతపడటం కూడా దగ్గరుండి చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మేకల వ్యాపారం కోసమైతే రోడ్డు వెడల్పు అక్కర్లేదు. మాంసం యూనిట్ మంచి ఆలోచనే, కానీ రోజుకు పది జీవాలకు మించని చిన్నది, అదీ నీళ్లూ వ్యర్థాలూ లెక్క తేలాక. రోడ్డుకు వేరే బలమైన కారణాలు ఉండొచ్చు. అవి ఉంటే ఆ కారణాల మీదే మాట్లాడాలి, మేకల పేరు చెప్పి చెట్లు కొట్టకూడదు.

బరువుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఊళ్లో అందరూ మర్చిపోయేది అదే. మన వైపు అమ్మకానికి వచ్చే మేకపోతు ఇరవై కిలోలు అనుకోండి. కోస్తే వచ్చే మాంసం, ఎముకతో కలిపి, బతికున్న బరువులో 45 నుంచి 50 శాతం. అంటే సుమారు తొమ్మిదిన్నర కిలోలు. ముప్పై మేకల్ని బతికుండగా పంపితే ఆరు వందల కిలోలు, ఒక బొలెరో పికప్ నిండిపోతుంది. అదే ముప్పై మేకల మాంసం 285 కిలోలు, కదలదు, తొక్కుకోదు, మూత్రం పోయదు. పది మేకలదైతే 95 కిలోలే, ఐసు పెట్టెలు కట్టిన టాటా ఏస్‌లో సగం కూడా నిండదు. ఇప్పుడున్న రోడ్డు మీద గుంతలు పూడిస్తే ఈ బండి ఏ ఇబ్బందీ లేకుండా వెళ్తుంది.

బతికున్న జీవాన్ని పంపితే ఏమవుతుందో దగ్గర నుంచి చూసినవాళ్లకే తెలుస్తుంది. ఒకసారి తెల్లవారుజామున నాలుగింటికి ఒక మేకల బండి వెనక డోరు నా ఎదురుగా తెరిచారు. ముందు బయటికి వచ్చింది ఆవిరి, మూత్రం వాసన. లోపల మేకలు ఒకదాని వీపు మీద ఇంకొకటి గడ్డం ఆనించి నిలబడి ఉన్నాయి. మూలన ఒకటి మోకాళ్ల మీద కూలబడింది, దాని మెడ మీద మరో మేక కాలు ఉంది. దాన్ని లేపి చూస్తే చర్మం కింద రక్తం గడ్డకట్టి, తొడ మీద అరచేయంత నల్లటి కమిలింపు. కోశాక ఆ ముక్కంతా చెక్కి పారేయాల్సిందే. ఆ నష్టం కొనేవాడిది అనుకుంటాం. కానీ కొనేవాడు ముందే ఆ నష్టం లెక్క వేసుకుని మన దగ్గర ధర తగ్గించి కొంటాడు.

రాత్రంతా మేత, నీళ్లు లేకుండా బండిలో ఉన్న ఇరవై కిలోల మేక పొద్దున్నకు కిలో, కిలోన్నర తగ్గుతుంది. మొదట పోయేది పేగుల్లో ఉన్న మేత, నీళ్లే అయినా భయం వల్ల జరిగే నష్టం వేరే ఉంది. జీవం ప్రశాంతంగా ఉంటే దాని కండరంలో గ్లైకోజెన్ అనే పిండి పదార్థం నిల్వ ఉంటుంది. కోశాక అది లాక్టిక్ ఆమ్లంగా మారి మాంసం పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) 5.5, 5.7 దగ్గరికి దిగుతుంది. ఆ పులుపే మాంసాన్ని కొంతసేపు కాపాడుతుంది. బెదిరి, అలిసి, ఆకలితో వచ్చిన జీవంలో ఆ నిల్వ ముందే ఖర్చయిపోయి ఉంటుంది. పీహెచ్ ఆరు పైనే ఆగిపోతుంది, మాంసం ముదురు రంగులో, చేతికి అంటుకునేలా ఉంటుంది, త్వరగా పాడవుతుంది. విశాఖ ఉక్కపోతలో ఆ తేడా మధ్యాహ్నానికల్లా ముక్కుకు తెలుస్తుంది. మన ఇంటి ముందు నీళ్లు తాగి, రాత్రంతా నీడన పడుకున్న జీవాన్ని ఉన్నచోటే కోస్తే ఇదేదీ ఉండదు.

ఒక ముసలాయన అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. పెందుర్తి దాటి ఒక ఊళ్లో మందకు మందు పోస్తున్నాం. రోడ్డు విషయం వచ్చింది. “రోడ్డు ఎడల్పైతే కొనుక్కెల్లేవోడు తొరగా ఎల్తాడు బాబూ. నా మేకకి రేటు పెరగదు కదేటి” అన్నాడు. ఆనందపురం, పెందుర్తి, అనకాపల్లి మీదుగా ఆరు వరుసల జాతీయ రహదారి వేశారు కదా. దానికి దగ్గర్లో ఉన్న ఊళ్లలో కాపర్లను అడగండి, మేక ధర రోడ్డు వల్ల పెరిగిందా అని. నేను అడిగినవాళ్లలో ఒక్కరూ ఔననలేదు.

ధర పెరగకపోవడానికి కారణం మీ ఊళ్లో ఇప్పటికీ చేతి అంచనాతో అమ్మడం. మారుబేరగాడు నడుము మీద చెయ్యి పెట్టి, వెన్నుపూస నొక్కి, “పదిహేడు” అంటాడు. అది ఇరవై. రోజూ ఇరవై జీవాలు పట్టుకునే చెయ్యి అది, కావాలనే తక్కువ చెప్తుంది. అందుకే గ్రామసభలో యూనిట్ కంటే ముందు, రోడ్డు కంటే ముందు అడగాల్సింది కాటా. వేలాడదీసే కాటా ఒకటి, ఒక గోనె పట్టా, ఒక నోటు పుస్తకం. అమ్మిన ప్రతి జీవం బరువు, ధర నెల రోజులు రాయండి. ఊరంతా కలిసి నెలకు ఎన్ని అమ్ముతుందో తేలుతుంది. ఆ అంకె లేకుండా యూనిట్ గురించి ఎవరు ఏం చెప్పినా నమ్మకండి.

ఇక యూనిట్ విషయం. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం రోజుకు పది వరకు మేకలు, గొర్రెలు, లేదా యాభై వరకు కోళ్లు కోసే చోటుకు రిజిస్ట్రేషన్ సరిపోతుంది. పది దాటి 150 లోపు అయితే రాష్ట్ర లైసెన్సు కావాలి, దానికి తగ్గ నిర్మాణం కావాలి. జంతుహింస నివారణ చట్టం కింద 2001లో వచ్చిన కబేళా నిబంధనలు రోజుకు పది, అంతకు మించి కోసే చోటుకు వర్తిస్తాయి. వాటి ప్రకారం ఒక పశువైద్యుడు గంటకు 12 జీవాలకు మించి, రోజుకు 96కి మించి పరీక్షించకూడదు. చూలు జీవాన్ని, మూడు నెలల లోపు పిల్లను, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని కోయకూడదు. సరిగ్గా పది కోస్తే ఇవి మీకూ వర్తిస్తాయి, పది లోపే ఉన్నా ఈ నియమాలన్నీ పాటించండి. చూలు మేకను తెలియక కోసిన రోజు ఆ గదిలో ఎవరూ మాట్లాడరు, ఆ నిశ్శబ్దం నేను చూశాను. పంచాయతీ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కూడా తీసుకోవాలి. ఆవులు, గేదెల జోలికి పోకండి. దాని చట్టం వేరు, గొడవలు వేరు.

మీ ఊరు భీమిలి, పద్మనాభం వైపు ఉంటే భోగాపురం విమానాశ్రయానికి ఎంత దూరమో తప్పకుండా కొలిపించుకోండి. విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా జీవాలను కోయకూడదని విమానయాన నిబంధన ఉంది. మాంసం ముక్కల కోసం గద్దలు చేరతాయి, అవి ఇంజన్లలో పడతాయి. సిటీ విమానాశ్రయం దగ్గరి ఊళ్లకూ ఇదే వర్తిస్తుంది.

మూతపడిన యూనిట్ సంగతి చెప్తాను, ఎందుకంటే మీరూ అదే దారిలో వెళ్లకూడదు. ఒక మండలంలో మంచి షెడ్డు కట్టారు. టైల్స్ వేశారు, పైన పట్టాలు, కొక్కేలు పెట్టారు, ఫొటోలు దిగారు. బోరు మాత్రం ఏప్రిల్‌లో ఎండిపోయింది. ఒక్కో జీవానికి కడుగుళ్లతో కలిపి యాభై నుంచి వంద లీటర్లు కావాలని నేను రాసిచ్చాను, కానీ కాగితం కాగితంగానే ఉండిపోయింది. నీళ్లు లేక నెత్తురు కాలువలో నిలిచింది. మూడో వారానికి కుక్కలు గుంపులుగా వచ్చాయి, పక్క వీధిలో ఒక పిల్లాడిని కరిచాయి. ఊరు ఊరంతా వచ్చి తాళం వేసింది. వాళ్లది తప్పనను. నేను ఆ రోజు గట్టిగా అడ్డుపడి ఉండాల్సింది.

లెక్క చూడండి. ఇరవై కిలోల మేకలో నెత్తురు లీటరుకు కాస్త తక్కువ వస్తుంది, పొట్టలో మేత రెండు మూడు కిలోలు. పది మేకలకు నెత్తురు ఎనిమిది, తొమ్మిది లీటర్లు, పొట్ట మేత ఇరవై నుంచి ముప్పై కిలోలు. ఇది పెద్ద సమస్య కాదు, కాలువలోకి వదలనంత వరకే. నెత్తురు బకెట్‌లో పట్టాలి. మన వాళ్లు నల్ల వండుకుంటారు కాబట్టి శుభ్రంగా పట్టిన దానికి అక్కడే గిరాకీ ఉంది. పొట్ట మేత పేడతో కలిపి గోబర్ గ్యాస్ గుంతలో వేయొచ్చు. రెండు ఘనపు మీటర్ల గుంత రోజుకు యాభై కిలోల పేడ తింటుంది, మీ పాతిక కిలోలు అందులో కలిసిపోతాయి. ఆ గ్యాస్‌తోనే కత్తులు మరిగించే నీళ్లు కాచుకోండి. కత్తి 82 డిగ్రీల నీళ్లలో ముంచాలి, చేతికి రెండు కత్తులు ఉండాలి, ఒకటి నీళ్లలో ఉండగా ఇంకొకటి పనిలో. తోలుకు ఇప్పుడు పెద్దగా ధర లేదు, అయినా వెంటనే దట్టంగా ఉప్పు పట్టించకపోతే అదే మొదట కుళ్లుతుంది.

కోసిన జీవాన్ని నేల మీద పెట్టకపోవడం అన్నిటికంటే ముఖ్యం. వేలాడదీసి తోలు తీస్తే పేగు తెగినా మాంసం మీద పడదు. ఈ ఒక్క అలవాటు వస్తే సగం పని అయినట్టే.

ఊళ్లోనే కోయడం వల్ల నాకు తెలిసిన ఇంకో మేలు ఉంది. దీన్ని ఎవరూ లెక్కలో వేయరు. కార్జం కోసి పిత్తనాళం మీద వేలితో నొక్కితే, జలగ రోగం ఉన్న జీవంలోంచి ఆకు ఆకారంలో గోధుమ రంగు పురుగు జారి బయటికి వస్తుంది. సిటీలో కోస్తే ఆ కార్జం చెత్తలోకి పోతుంది, అది ఎవరి మంద నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఊళ్లో కోస్తే ఆ పురుగును కాపరి అరచేతిలో పెట్టి చూపించొచ్చు. “నీ మంద ఏ చెరువు గట్టు మీద మేస్తోంది?” అని అడగొచ్చు. ఆ చెరువు నత్తలే దానికి కారణం. వానలకు ముందు, వానలయ్యాక మందు పోయిస్తే తర్వాతి ఏడాదికి మందలో చావులు తగ్గుతాయి. మేం ఒక ఊళ్లో ఇలా చేశాం. పురుగును కళ్లారా చూసిన కాపరి మందు పోయించడానికి తనే ఆసుపత్రికి వచ్చాడు, అంతకుముందు పదిసార్లు చెప్పినా రాలేదు.

అమ్మకం దగ్గర ఒక కష్టం ఉంది, దాచను. విశాఖలో ఆదివారం పొద్దున్న వేటమాంసం కొట్టు ముందు నిలబడేవారికి కళ్ల ముందు కోసిందే తాజా. చల్లపెట్టె నుంచి తీసింది పాతదని నమ్మకం. నిజానికి కోసిన కొన్ని గంటలకు కండరం బిగుసుకుంటుంది, వెంటనే వండితే అప్పుడే గట్టిగా ఉంటుంది. సున్నా నుంచి నాలుగు డిగ్రీల చలిలో ఒక రోజు ఉంచితే మెత్తబడుతుంది. కోసిన వెంటనే గడ్డకట్టే చలిలో పెట్టకూడదు, కండరం ముడుచుకుపోయి రబ్బరులా తయారవుతుంది. పది, పదిహేను డిగ్రీల్లో కొన్ని గంటలు ఆరాక చల్లబరచాలి. కొనేవారికి ఇదంతా చెప్తూ కూర్చోలేం కాబట్టి మొదట్లో తెల్లవారుజామున మూడింటికి కోసి ఆరింటికల్లా సిటీ చేర్చడమే దారి. ఇళ్ల సముదాయాలు, హాస్టళ్లు, హోటళ్లు ముందే ఆర్డర్ ఇస్తే మిగులు ఉండదు. మిగులు లేని రోజే మీకు లాభం. వారానికి మూడు రోజులు కోస్తే చాలు, కనుమ, అమ్మవారి పండుగలప్పుడు ఎటూ చేతులు చాలవు.

డబ్బు విషయంలో, చిన్న ఆహార యూనిట్లకు కేంద్రం 2025-26 వరకు పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో ఖర్చు మీద 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల దాకా రుణంతో ముడిపడిన రాయితీ పెట్టారు. అది ఇంకా నడుస్తోందో లేదో దరఖాస్తుకు ముందు చూసుకోండి. శిక్షణకు హైదరాబాద్ చెంగిచర్లలో ఉన్న జాతీయ మాంస పరిశోధన సంస్థకు ఊరి నుంచి ఇద్దరు కుర్రాళ్లను పంపండి. షెడ్డు కట్టకముందు పంపండి, కట్టాక కాదు.

ఇప్పుడు చెట్లు. చెట్లు కూడా మీ మేకల వ్యాపారంలో భాగమే. మే నెలలో పచ్చిక ఎండాక మీ కాపర్లు దోటితో రావి, మర్రి, జువ్వి కొమ్మలు లాగి మందకు వేస్తారు. మధ్యాహ్నం మంద నిలబడేది ఆ రోడ్డు పక్క చింతల కిందే. ఆ నీడ లేకపోతే జీవం మేత మానేసి రొప్పుతూ నిలబడుతుంది, బరువు పడిపోతుంది. రోడ్డు వేస్తే మేకలు బాగుపడతాయి అనేవారు ఈ నీడ ఖరీదు లెక్కలోంచి తీసేశారు.

అయితే రోడ్డు అడిగేవారి మాటలో నిజం లేదని కాదు. 108 బండి ఎదురుగా లారీ వస్తే ఆగిపోవడం, రాత్రి బైకు చెట్టు మొదలును గుద్దుకోవడం, ఇవి నిజమైన బాధలు. కాబట్టి ఆర్ అండ్ బీ అధికారులను వాహనాల లెక్క అడగండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో ఐదున్నర మీటర్ల రోడ్డు రోజుకు ఆరు వేల కారు సమాన వాహనాలను (లారీ, బైకు ఏదైనా కార్ల లెక్కలోకి మార్చి చూస్తే) మోయగలదని, ఏడు మీటర్ల రెండు వరుసల రోడ్డు పదిహేను వేలను మోయగలదని ఉంది. మీ రోడ్డు మీద లెక్క ఆరు వేలకు చాలా తక్కువుంటే వెడల్పు కంటే గుంతలు పూడ్చడం, మలుపుల దగ్గర కనుచూపు తెరవడం, ఎదురెదురు వాహనాలు తప్పుకోడానికి అక్కడక్కడ జాగా, చెట్ల మొదళ్లకు వెలుగు పడితే మెరిసే పట్టీలు చాలు. లెక్క నిజంగా ఎక్కువుంటే వెడల్పు చేయాల్సిందే. అప్పుడు రెండు వైపులా సమంగా కాకుండా ఒకే వైపు పెంచమని అడగండి. పాత రోడ్డు ఒక దిశకు, చెట్ల వరుస అవతల కొత్త దారి ఇంకో దిశకు, మధ్యలో చెట్లే డివైడర్. దీనికి ఒక వైపు పొలాలు పోతాయి, 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇవ్వాలి. ఎవరి పొలమో వారి ఒప్పుదల లేకుండా ఊరు ఈ మాట ముందుకు తేకూడదు.

ఇది ఎప్పుడు అడుగుతామన్నదే అన్నిటికంటే పెద్ద విషయం. బెంగాల్లో జెస్సోర్ రోడ్డు మీద రైల్వే వంతెనల కోసం 356 చెట్లు కొట్టే కేసులో, సుప్రీంకోర్టు వేసిన నిపుణుల కమిటీ 2021లో ఒక చెట్టు విలువ దాని వయసును ఏడాదికి 74,500 రూపాయలతో గుణించి కట్టాలంది. అంత లెక్క చెప్పాక కూడా 2023లో ఆ చెట్లు తీయడానికే కోర్టు ఒప్పుకుంది. చేవెళ్ల దగ్గర హైదరాబాద్, బీజాపూర్ రహదారి మర్రిచెట్ల విషయంలో ప్రజలు పట్టు వదలకుండా జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు, చాలా చెట్లు నిలిచేలా ప్లాన్ మార్చారు. కాగితం మీద గీత ఉండగానే కదలాలి, రంపం వచ్చాక కోర్టు కూడా ఆదుకోకపోవచ్చు. చెట్టు కొట్టాలంటే మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి కావాలి. ఆ అనుమతి కాగితం, చెట్ల జాబితా చూపించమని సభలోనే అడగండి.

తీసి వేరే చోట నాటుతాం అంటే ఏ చెట్టో చూడండి. మర్రి, రావి వేళ్ల గడ్డతో తీసి జాగ్రత్తగా నాటి రెండు మూడేళ్లు నీళ్లు పోస్తే బతుకుతాయి. ముసలి చింత, నేరేడు విషయంలో నాకు నమ్మకం లేదు. ఇంకో మోసం కనిపించకుండా జరుగుతుంది. చెట్టును ఉంచుతాం అని దాని పక్కనే డ్రైనేజీకి తవ్వి ఒక వైపు వేళ్లన్నీ కోసేస్తారు. రెండేళ్లు పచ్చగానే ఉంటుంది, తర్వాత గాలికి రెండో వైపు పడిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన మర్నాడు నేను నడిచిన వీధిలో సిమెంటు మధ్య ఇరుక్కున్న తురాయిలు వేళ్లతో సహా పడి ఉన్నాయి. చివరన మట్టి చుట్టూ వదిలేసిన ముసలి చింత మాత్రం సగం కొమ్మలు పోయినా నిలబడే ఉంది. మరుసటి వేసవిలో దాని కింద మళ్లీ మేకలు పడుకున్నాయి.

మీ ఊళ్లో చెట్ల మీద వేసిన నంబర్లను ఈ ఆదివారమే మీరూ రాసుకోండి. జాతి, ఛాతీ ఎత్తులో మొదలు చుట్టుకొలత, తారు అంచు నుంచి ఎన్ని అడుగుల దూరం. ఫొటో తీసేటప్పుడు నంబరు కనిపించాలి. పక్క పేజీలోనే మేకల బరువులు మొదలుపెట్టండి. రెండు లెక్కలూ నెలకు సరిపడా అయ్యాక ఇక్కడే పెట్టండి. మేకల అంకె చూసి యూనిట్ నిలబడుతుందో లేదో, షెడ్డు ఎంత ఉండాలో నేను లెక్క వేసి చెప్తాను. బోరులో మే నెలలో నీళ్లు ఎంత లోతున ఉంటాయో కూడా రాయండి, అది లేకుండా నేను ఔననలేను.